పాల ట్యాంకర్ తోలాలంటే: చలువ, కాటా, మూత

మీరు అడిగింది ఇదీ: హెవీ లైసెన్సు ఉంది, నాలుగేళ్లుగా గుంటూరు మిర్చి యార్డు నుంచి టిక్కీల (మిర్చి బస్తాల) లోడు తోలుతున్నారు, ఇప్పుడు విజయవాడ నుంచి హైదరాబాద్, చెన్నై వైపు పాల ట్యాంకర్ మీద డ్యూటీ దొరికేలా ఉంది. మామూలు లారీకీ దీనికీ తేడా ఏంటి, షార్టేజీ (సరుకు తగ్గింది) పేరు చెప్పి డబ్బులు కోస్తారంట నిజమేనా, ఎక్కే ముందు ఏం చూసుకోవాలి అని.

కోస్తారు, నిజమే. కానీ పాల బండి మీద డ్రైవర్‌కి నష్టం వచ్చేది రోడ్డు మీద తక్కువ, ఆగిన చోట ఎక్కువ. కాటా దగ్గర, డెయిరీలో పాలు దింపే డాకు దగ్గర, ట్యాంకు కడిగే చోట. నాలుగేళ్ల స్టీరింగ్ చెయ్యి ఉన్నవాళ్లకి తోలడం నెలలో అలవాటవుతుంది. ఆగిన చోట ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకని దాని మీదే ఎక్కువ రాస్తున్నాను.

ముందు బండి సంగతి. పాల ట్యాంకులో ఫ్రిజ్ ఉండదు. లోపల 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు పెంకు, దాని చుట్టూ మూడు నాలుగు అంగుళాల పఫ్ (వేడిని ఆపే గట్టి ఫోమ్), పైన మళ్లీ రేకు. అంటే చక్రాల మీద ఉన్న ఫ్లాస్కు, అంతే. చిల్లింగ్ సెంటర్‌లో 4 డిగ్రీలకు చల్లబరిచిన పాలు పోస్తే, నిండు లోడు మీద పఫ్ బాగున్న ట్యాంకులో పది గంటలకు ఒక డిగ్రీ, ఎండాకాలం ఇంకాస్త పెరుగుతుంది. ఒకసారి పెరిగిన వేడిని దారిలో తగ్గించే ఉపాయం ఏదీ మీ చేతిలో లేదు. 7 డిగ్రీలతో లోడు ఎత్తి 7తోనే దింపాలంటే కుదరని పని. అందుకే జేబులో సొంత డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఉండాలి, గుచ్చి చూసే రకం. లోడయ్యాక ప్రతి గదిలో చూసి, ఆ అంకె చీటీ మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. దిగే చోట 8 వచ్చిందనుకోండి, ఎక్కిన చోట 6.5 అని కాగితం ఉంటే మాట మీ మీద పడదు.

పఫ్ బాగుందో లేదో యజమాని చెప్పడు, ఆయనకీ తెలియకపోవచ్చు. వెల్డింగ్ దగ్గర సన్నటి పగులు పడి నీళ్లు దిగితే పఫ్ నానిపోతుంది. నానిన పఫ్ చలువను ఆపదు. దీన్ని కనిపెట్టడం తేలికే. తెల్లవారుజామున గాలిలో తేమ ఉన్నప్పుడు నిండు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి రేకు మీద అరచెయ్యి ఆనించండి. అంతా పొడిగా ఉండి ఒక్కచోట మాత్రం చల్లగా తగిలి చెమట పట్టి ఉంటే, అక్కడ పఫ్ చచ్చిందని అర్థం. ఎక్కువగా కాళ్లు అతికిన చోట, మ్యాన్‌హోల్ మెడ చుట్టూ, వెనక అవుట్‌లెట్ దగ్గర కనిపిస్తుంది. ఆటోనగర్‌లో అక్కడి రేకు కోసి మళ్లీ నింపే పనివాళ్లు ఉన్నారు. పెద్ద ఖర్చేమీ కాదు, కానీ ఎవరైనా చూసి చెప్తేనే అవుతుంది.

ఇక బరువు. 2018 జులైలో కేంద్రం పెంచిన యాక్సిల్ పరిమితుల ప్రకారం పది చక్రాల బండికి మొత్తం 28.5 టన్నులు. స్టీలు ట్యాంకు, పఫ్, నిచ్చెన, పంపు, పైపులు కలిపి ఖాళీ బండి పది, పదిన్నర టన్నులు తూగుతుంది. మిగిలేది 18 టన్నులు. లీటరు పాలు సుమారు 1.03 కిలో. అంటే 17,400 లీటర్ల దగ్గర గీత. ట్యాంకు మీద మాత్రం 20,000 లీటర్లు అని రాసి ఉంటుంది. నిండుగా కొడితే రెండున్నర టన్నులు ఎక్కువ. మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. ఆ జరిమానా ఎవరు కడతారో ఎక్కకముందే తేల్చుకోండి.

"అయితే గీత దాకా కొట్టి మిగతాది వెలితిగా వదిలేస్తే సరి" అనుకుంటారు. అక్కడే పాల ట్యాంకర్‌కీ పెట్రోలు ట్యాంకర్‌కీ తేడా. పెట్రోలు ట్యాంకులో అలలు ఆపడానికి లోపల అడ్డు రేకులు ఉంటాయి. పాల ట్యాంకులో ఉండవు, ఎందుకంటే ఆ రేకుల మూలల్లో పాలు పట్టుకుంటే కడగడం కుదరదు. ఉండేదల్లా మూడో నాలుగో విడి గదులు, గది లోపల అంతా నున్నగా. ఐదు వేల లీటర్ల గదిలో రెండున్నర వేలు పోస్తే అది ముందుకీ వెనక్కీ, ఇంకా ప్రమాదంగా పక్కలకీ ఊగుతుంది. సగం నుంచి ముప్పావు మధ్య నిండిన గది అన్నిటికంటే చెడ్డది. కదలడానికి చోటు ఉంటుంది, నెట్టడానికి బరువూ ఉంటుంది. కాబట్టి గది నింపితే మెడ దాకా నింపాలి, లేదంటే మొత్తం ఖాళీగా వదలాలి. నాలుగు గదులుంటే మూడు నిండుగా కొట్టి ఒకటి ఎండుగా వదిలితే బండి చెప్పిన మాట వింటుంది. యజమానికి అది నచ్చదు, అది వేరే విషయం.

వెలితికి ఇంకో శిక్ష కూడా ఉంది. హైదరాబాద్ దాకా ఆరు గంటలు ఊగిన పాలు కవ్వంతో చిలికినట్టే. పైన వెన్న గోలీలు తేలతాయి, మూతకి అంటుకుంటాయి. ఆ వెన్న ఇక పాలలో కలవదు. ల్యాబ్‌లో ఫ్యాట్ తగ్గి వస్తుంది, తేడా మీ ఖాతాలోకి వెళ్తుంది. పాలు వేడెక్కిన కొద్దీ ఇది ఎక్కువవుతుంది.

రెండు చోట్ల దింపే లోడైతే ఏ గది ముందు ఖాళీ చేయాలో బయల్దేరకముందే అనుకోండి. ముందు గదులు ఖాళీ అయి ఆఖరి గది ఒక్కటే నిండుగా మిగిలితే స్టీరింగ్ తేలిపోతుంది, వానలో అయితే మలుపు దగ్గర ముందు చక్రాలు మాట వినవు. ఆఖరిదాకా మధ్య గది నిలిచేలా చూసుకుంటే మంచిది.

లోడుకు వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది పాలు కాదు, ఖాళీ ట్యాంకు. మూత తెరవగానే ముక్కు పెట్టండి. శుభ్రంగా కడిగిన ట్యాంకుకు ఏ వాసనా ఉండదు. పులిసిన వాసన వస్తే కడగలేదని, బట్టల సోడా వాసన వస్తే సరిగ్గా జాడించలేదని లెక్క. తర్వాత మ్యాన్‌హోల్ మూత చుట్టూ ఉన్న రబ్బరు గ్యాస్కెట్‌ను ఒకచోట గోటితో లేపి, అడుగున వేలు రాసి వాసన చూడండి. పసుపుపచ్చగా, జిగటగా ఏదైనా వేలికి అంటిందంటే ఆ ట్యాంకు లోపల అద్దంలా మెరిసినా లాభం లేదు. నిన్నటి పాలు అక్కడ కాచుకుని ఉన్నాయి. అలాగే అవుట్‌లెట్ వాల్వు విప్పి, మిగిలిన నీళ్లు మొత్తం కారనివ్వండి. బండిని వెనక వైపు కొంచెం పల్లంగా నిలబెడితే ఆఖరి బకెట్టు నీళ్లు కూడా వచ్చేస్తాయి. అవి లోపలే ఉండిపోతే ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో వెన్న కాని ఘనపదార్థం) తగ్గుతుంది. నీళ్లు కలిపారన్న అనుమానం డ్రైవర్ మీదికే వస్తుంది. డెయిరీల్లో పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత కొలిచే యంత్రం ఉంటుంది. పాలు సున్నా కంటే అర డిగ్రీ కింద గడ్డకడతాయి, కలిసిన ప్రతి నీటి శాతానికీ ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. రెండు శాతం నీళ్లు కూడా దాని కన్ను దాటవు. దారిలో పైకెక్కి పాలు తోడి నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అని చెప్పే సావాసగాళ్లు తగులుతారు, వాళ్లకి ఈ యంత్రం సంగతి తెలియదు.

పాలు పట్టేటప్పుడు హోస్ చివర ట్యాంకు అడుగుదాకా దించమనండి. పైనుంచి ధారగా పోస్తే నురగ లేస్తుంది, నురగతో డిప్ కొలత (రాడ్డు ముంచి చూసే లోతు) తప్పు చూపిస్తుంది. నిండాక పది నిమిషాలు ఆగి, బండి మట్టంగా ఉన్నచోట డిప్ రాడ్డు పెట్టండి. లోతును లీటర్లలోకి మార్చే డిప్ చార్టు ఆ ట్యాంకుదే అయి ఉండాలి. ఒకే కంపెనీ చేసిన రెండు ట్యాంకులకి కూడా ఒకే చార్టు పనికిరాదు. సీళ్లు ప్రతి మూతకీ, అవుట్‌లెట్ టోపీకీ వేయించి, వాటి నంబర్లు మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చీటీ మీద 4 అని రాసి సీలు మీద 9 ఉంటే గేటు దగ్గర మూడు గంటలు ఎండలో నిలబడాల్సి వస్తుంది.

అవుట్‌లెట్ గురించి ఒక చిన్న సంగతి. వాల్వుకీ బయటి టోపీకీ మధ్య జానెడు పైపు ఉంటుంది, దానికి పఫ్ ఉండదు. వాల్వు రబ్బరు అరిగితే ఆ ముక్కలోకి లీటరు, లీటరున్నర పాలు చేరి, కింద రోడ్డు వేడికి గంటల్లో విరిగిపోతాయి. దింపేటప్పుడు ఆ విరుగు ముందుగా డెయిరీ పైపులోకి వెళ్తే వాళ్ల పాలు కూడా పాడవుతాయి. అందుకే దింపే ముందు మొదటి రెండు లీటర్లు బకెట్లోకి వదిలి చూపించండి. టోపీ విప్పగానే పాలు కారితే వాల్వు రబ్బరు మార్చాలి.

ఇప్పుడు కాటా. షార్టేజీలో సగం ఇక్కడే పుడుతుంది. దొంగతనం లేకుండానే పుడుతుంది.

పాల లెక్క కిలోల్లో. ఎక్కే చోట ఖాళీ బండి తూచి, నింపాక మళ్లీ తూస్తారు. దిగే చోట నిండు బండి తూచి, ఖాళీ అయ్యాక మళ్లీ తూస్తారు. ఈ నాలుగు తూకాల్లో పాలు తప్ప ఇంకేదీ మారకూడదు. మారే వాటిలో మొదటిది డీజిల్. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు. ఎక్కే చోట ఖాళీ తూకం అయ్యాక బయటికెళ్లి 150 లీటర్లు కొట్టించి, తర్వాత లోడు తూకం వేయించారనుకోండి. కాగితం మీద 125 కిలోల పాలు ఎక్కువ ఎక్కినట్టు. ఆ పాలు పుట్టనేలేదు, కానీ హైదరాబాద్‌లో మీరు అవి తెచ్చివ్వాలి. దిగే చోట తిరగబడి అదే కథ: నిండు తూకం అయ్యాక పాలు దింపి, బంకుకెళ్లి ట్యాంకు నింపించి వచ్చి ఖాళీ తూకం వేయిస్తే 125 కిలోలు తక్కువ దింపినట్టు. కాబట్టి రెండు తూకాల మధ్య డీజిల్ ముట్టుకోకూడదు. బీఎస్ 6 బండ్లకి పోసే యూరియా ద్రావణం కూడా అంతే.

రెండోది మనుషులు. నిండు తూకానికి క్లీనర్ కిందికి దిగి టీ తాగుతూ, ఖాళీ తూకానికి క్యాబిన్‌లో పడుకుని ఉంటే అరవై, డెబ్బై కిలోలు అక్కడే పోయాయి. ఎప్పుడూ ఒకేలా ఉండాలి, ఇద్దరూ దిగడం అన్నిటికంటే సులువు. మూడోది కడిగిన నీళ్లు. కొన్నిచోట్ల దింపాక ట్యాంకు కడిగేసి అప్పుడు ఖాళీ తూకం వేస్తారు. నీళ్లు పూర్తిగా కారకపోతే ఆ బరువంతా మీ షార్టేజీ. వీలుంటే కడగకముందే తూయించండి, కుదరకపోతే అవుట్‌లెట్ తెరిచి పల్లంలో పావుగంట ఉంచండి. వానాకాలంలో క్యాబిన్ మీద తడిసిన పట్టా, బురద పట్టిన చాసిస్ కూడా బరువే. చక్రాలన్నీ కాటా పలక మీదే ఉన్నాయా, గేరు న్యూట్రల్‌లో ఉందా, పాలు ఊగడం ఆగిందా అన్నవి చూశాకే తూకం చీటీ తీయమనండి. నిండు ట్యాంకు కాటా మీద ఆగిన క్షణంలో అంకె కదులుతూనే ఉంటుంది. అది నిలకడ పడేదాకా ఆగమని అడగడం మీ హక్కు.

ఎంత తేడా వదిలేస్తారు అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఎంతైనా సరే, మాట మీద కాకుండా కాగితం మీద ఉండాలి. ఎక్కిన కాటా, దిగిన కాటా రెండిటి మధ్య ఎప్పుడూ ఒకే వైపు ఒకే అంకె తేడా వస్తుంటే తప్పు మీది కాదు, ఏదో ఒక కాటాది. పది ట్రిప్పుల చీటీలు దాచి పెడితే ఆ సంగతి అవే చెప్తాయి.

శాంపిల్ కూడా ఇలాంటిదే. గంటల తరబడి కదలకుండా ఉన్న పాలల్లో వెన్న పైకి తేలుతుంది. పైనుంచి ముంచితే ఫ్యాట్ ఎక్కువ, అవుట్‌లెట్ నుంచి పడితే తక్కువ. అందుకే శాంపిల్ తీసే ముందు ప్రతి గదిలోనూ ప్లంజర్‌ను (చివర పళ్లెం ఉన్న కడ్డీని) అడుగుదాకా దించి లేపుతూ బాగా కలపాలి, ఐదు వేల లీటర్ల గదికి పది నిమిషాలన్నా పడుతుంది. ల్యాబ్ కుర్రాడు తొందరలో నాలుగు ఊపులు ఊపి సీసా నింపితే, మర్యాదగా "ఇంకాస్త కలపండి" అని అడగండి. తర్వాత ల్యాబ్‌లో వాసన, ఉష్ణోగ్రత, ఆమ్లత, వేడి చేస్తే విరుగుతుందా లేదా, ఆల్కహాలు పరీక్ష, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, సోడా, యూరియా, ఉప్పు, పంచదార ఇవన్నీ చూస్తారు. మిథిలీన్ బ్లూ వేసి నీలం రంగు ఎన్ని గంటలు నిలుస్తుందో చూసే పరీక్ష కూడా ఉంది, రంగు ఎంత త్వరగా పోతే పాలల్లో అంత క్రిములు. పులుపు తిరుగుతున్న పాలను వంటసోడాతో "నిలబెట్టమని" సలహా ఇచ్చేవాళ్లుంటారు. రోజాలిక్ ఆమ్లం చుక్క పడితే గులాబీ రంగు తేలుతుంది, ఇక అది కల్తీ కేసు.

దింపేటప్పుడూ కడిగేటప్పుడూ ఒకటే నియమం: మూత తెరిచి ఉండాలి. ఇది గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే లక్షల రూపాయల ట్యాంకు నిమిషంలో సొట్ట పోయేది ఇక్కడే. డెయిరీ పంపు గంటకు పదిహేను, ఇరవై వేల లీటర్లు లాగుతుంది. పాలు వెళ్లిన చోటికి అంతే గాలి రావాలి. పైన మ్యాన్‌హోల్ బిగించి, గాలి రంధ్రం కూడా నురగ ఎండిపోయి మూసుకుపోయి ఉంటే, లోపల గాలి పలచబడి బయటి గాలి ట్యాంకును నొక్కేస్తుంది. ట్యాంకు లోపలి ఒత్తిడిని బాగానే తట్టుకుంటుంది, బయటి నొక్కుడును తట్టుకోదు. ఖాళీ నీళ్ల సీసా నోట్లో పెట్టుకుని పీల్చి చూడండి, అదే జరుగుతుంది.

కడిగేటప్పుడు ఇంకా ప్రమాదం. వేడి సోడా నీళ్లతో ట్యాంకు లోపలంతా ఆవిరి నిండి ఉంటుంది. ఆ వెంటనే చన్నీళ్లు చిమ్మితే ఆవిరి ఒక్కసారిగా నీళ్లయిపోతుంది, ఆ ఖాళీ భర్తీ కావాలంటే అరచేతంత గాలి రంధ్రం చాలదు. మూత తెరిచి లేకపోతే పెద్ద చప్పుడుతో డొక్క లోపలికి పోతుంది. పెంకు వంగితే లోపలి వెల్డింగులు పగులుతాయి, పఫ్ విడిపోతుంది, డిప్ చార్టు పనికిరాదు. బాగుచేసినా ఆ ట్యాంకు మునుపటిది కాదు.

కడిగే వరుస ఇలా ఉండాలి. దింపిన వెంటనే, పాలు ఆరకముందే, మామూలు నీళ్లతో తెల్లదనం పోయేదాకా జాడించాలి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలల్లోని ప్రొటీన్ ఉడికి గోడకి అంటుకుపోతుంది, తర్వాత ఏం చేసినా రాదు. ఆ మీద ఒకటి నుంచి ఒకటిన్నర శాతం కాస్టిక్ సోడా నీళ్లు 70, 75 డిగ్రీల వేడితో పదిహేను, ఇరవై నిమిషాలు పైనున్న స్ప్రే బాల్ ద్వారా తిప్పుతారు. ఇది కొవ్వును కోస్తుంది. మళ్లీ నీళ్లతో జాడింపు. తర్వాత అర నుంచి ఒక శాతం నైట్రిక్ ఆమ్లం, 60, 65 డిగ్రీలతో పది నిమిషాలు. గట్టి నీళ్ల వల్ల, పాలలోని కాల్షియం వల్ల పట్టే గార దీనితోనే పోతుంది. మళ్లీ జాడింపు, ఆఖరున 85 డిగ్రీల వేడినీళ్లో, డెయిరీ వాడే క్రిమిసంహారకమో. ప్రతి వేడి అంచె తర్వాత చన్నీళ్లు ఒక్కసారిగా కాక మెల్లగా వదలాలి. ఆమ్లం అంచె ప్రతిసారీ కాక వారానికి ఒకటి రెండుసార్లే చేసే చోట్లూ ఉన్నాయి, పాలు ఎలాంటివన్న దాన్ని బట్టి. స్ప్రే బాల్ రంధ్రాల్లో చెత్త ఇరుక్కుంటే ట్యాంకు పైకప్పులో ఒక పక్క నీళ్లు తగలవు, టార్చి వేసి చూస్తే అక్కడ మసకబారిన చార కనిపిస్తుంది. వాల్వు, గ్యాస్కెట్లు, హోస్ పైపులు ఈ యంత్రంతో శుభ్రం కావు. విప్పి బ్రష్షుతో కడగాల్సిందే. ఈ పని క్లీనర్ మీద వదిలినా కన్ను మీదే ఉండాలి.

ట్యాంకులోకి మనిషి దిగడం గురించి: దిగకండి, క్లీనర్‌ని దించకండి. రుద్దితే తప్ప గార పోదు అన్న సందర్భంలో కూడా అన్ని మూతలూ తెరిచి గాలి బాగా ఆడాక, నడుముకు తాడు కట్టి, పైన ఇంకో మనిషి కదలకుండా నిలబడితేనే. లోపల పాలు పులిసి ఉన్నా, రసాయనం ఆవిరి ఉన్నా గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. దిగినవాడు కూలబడ్డాడని కాపాడడానికి తాడు లేకుండా రెండోవాడు దిగితే ఇద్దరూ పోతారు. ఇంకోటి, కడిగిన నీళ్లు బందరు కాలువలోకో, ఏలూరు కాలువలోకో వదలకండి. పాలు కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును మురుగుకంటే వందల రెట్లు ఎక్కువగా తినేస్తాయి, చేపలు తేలతాయి, కేసు బండి నంబరు మీద పడుతుంది.

తోలడం గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది రెండు మూడు మాటలే. టిక్కీల లోడు బ్రేకు కొడితే ఆగుతుంది. పాలు ఆగవు. బండి ఆగిన ఒక క్షణానికి లోపలి అల ముందు గోడకి కొట్టి బండిని ఇంకో అడుగు నెడుతుంది. అందుకే సిగ్నల్ దగ్గర ముందు బండికీ మీకూ ఒక కారు పట్టేంత జాగా ఉంచి, బండి ఆగాక కూడా అల రెండోసారి వచ్చి పోయేదాకా బ్రేకు మీద కాలు తీయకండి. మలుపులో ముందే వేగం తగ్గించుకుని, మధ్యలో బ్రేకు తాకకుండా నిలకడగా తిరగాలి. రామవరప్పాడు రింగు, బైపాస్ ర్యాంపులు, సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కే చోట్లు, ఇవే ట్యాంకర్లు బోల్తా పడే జాగాలు. ట్యాంకు బరువు పైకి ఉంటుంది, లారీతో 40లో తిరిగిన మలుపు దీనితో 25లో తిరగాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వ రూలు ట్యాంకర్లకి స్పీడు గవర్నర్‌ను 60 దగ్గర పెట్టమంటుంది. దాన్ని విప్పించిన బండి అయితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లకి అదే సాకు.

ఆ లెక్కన విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లకి, కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు కలుపుకుని ఆరు, ఆరున్నర గంటలు. చెన్నై 450 కిలోమీటర్లు, అది ఒక్క డ్రైవర్ ఒక్క రాత్రి పని కాదు. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా, మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ఐదు గంటలు తోలాక అరగంట విరామం ఇవ్వాలనేది. సాయంత్రం పాలు చల్లబడి ట్యాంకర్‌కి ఎక్కేసరికి రాత్రి తొమ్మిది, పది అవుతుంది. తెల్లారేసరికి ప్యాకింగ్ డెయిరీకి చేరాలి. అంటే నిద్ర ముంచుకొచ్చే రెండు నుంచి ఐదు గంటల వేళ మీరు స్టీరింగ్ మీదే ఉంటారు. పాలు పాడవుతాయన్న భయంతో నిద్ర ఆపుకుని తోలేవాళ్లు ఒక్క విషయం మరచిపోతారు: మంచి ట్యాంకులో 4 డిగ్రీల పాలకు గంట ఆలస్యం ఏమీ కాదు.

బండి చెడిపోయినా ఇదే ధైర్యం పనికొస్తుంది. మూత తెరవకండి, ఐసు వేయకండి, నీడ దొరికితే నీడకు జరపండి. ముందు డెయిరీకి ఫోన్ చేసి చెప్పండి, ఆ తర్వాతే మెకానిక్‌కి. ఆరేడు గంటలు మీ చేతిలో ఉన్నట్టే. వేరే ట్యాంకర్‌కి మార్చాల్సి వస్తే అది కడిగిన చీటీ ఉన్న ట్యాంకరే అవ్వాలి, పాత సీళ్లు తెంపడం డెయిరీ మనిషి ఎదుటే జరగాలి. వానాకాలం మున్నేరు పొంగితే నందిగామ దగ్గర ఐతవరంలో 65వ హైవే మీదికే నీళ్లొస్తాయి. 2023 జులైలోనూ 2024 సెప్టెంబరులోనూ బండ్లు నిలిచిపోయాయి. అలాంటి రోజు బయల్దేరకముందే కనుక్కుంటే, గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా వెళ్లొచ్చు. వడ్లమూడి వైపు నుంచి నారాకోడూరు, బుడంపాడు మీదుగా వచ్చే బండ్లకి ఆ దారే దగ్గర. మిర్చి సీజన్‌లో గుంటూరు చుట్టూ ఏ వేళ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

క్రీమ్ లోడు ఇస్తామంటే లెక్కలు మారతాయి. నలభై శాతం కొవ్వున్న క్రీమ్ లీటరు కిలోకి కాస్త తక్కువే తూగుతుంది, పాల లెక్కతో 1.03 వేస్తే మీకు లేని షార్టేజీ పుడుతుంది. చిక్కగా ఉంటుంది కాబట్టి దింపడం రెట్టింపు టైము. కొంచెం వేడెక్కి ఊగిందా, ట్యాంకులో వెన్న ముద్దలే. వెన్న తీసిన పాలు లీటరుకి 1.035 దాకా తూగుతాయి, నురగ విపరీతం.

కాగితాల్లో ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ మీకు తెలిసినవే. అదనంగా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) కాగితం నకలు, ట్యాంకు కడిగిన చీటీ, లోడు చీటీ, కాటా చీటీ ఉండాలి. పచ్చిపాలకు జీఎస్టీ లేదు కాబట్టి ఈ-వే బిల్లు అక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో నెయ్యో పాలపొడో ఎత్తుకోమంటే మాత్రం కావాలి. పాల ట్యాంకులో నీళ్లు, నూనె, మొలాసిస్ ఏదీ తిరుగు లోడుగా ఎత్తొద్దు, ఎంతిస్తామన్నా. ఆ వాసన గ్యాస్కెట్లు వదలవు.

ఎక్కే ముందు యజమానిని అడగాల్సినవి: షార్టేజీ ఎంతవరకు వదిలేస్తారు, లోడు వాపసైతే ఎవరిది, డెయిరీ గేటు దగ్గర ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్ బత్తా, ఓవర్‌లోడు జరిమానా ఎవరిది, చెన్నై ట్రిప్పుకి రెండో డ్రైవర్ ఉంటాడా, పీఎఫ్, ఈఎస్‌ఐ కడతారా. వీటికి సమాధానాలు వాట్సాప్‌లో అయినా సరే రాతలో తీసుకోండి. లైసెన్సు ఒరిజినల్ ఆయన దగ్గర పెట్టమంటే ఒప్పుకోకండి. జెరాక్సు ఇవ్వండి, చాలు. ఒక ట్రిప్పు పాత డ్రైవర్‌తో కలిసి వెళ్లొస్తానని అడగండి, కాదంటే ఆ బండి అవుట్‌లెట్ టోపీ విప్పి, గ్యాస్కెట్ కింద వేలు పెట్టి చూశాకే తాళాలు తీసుకోండి.